అక్క పేరు మీద పన్నెండేళ్లు

మొన్న చెనక్కాయ పంట ఇళ్లకు చేరిన రోజుల్లో మా అక్క నా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వాకిట్లోనే నిలబడి, "పాపా, ఆ పాత పాస్‌పోర్టులు నీ కాడనే ఉండాయి గదా, తీ" అంది. అరవై దాటిన నన్ను ఇంకా పాపా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఎందుకక్కా అని అడిగాను. మా సంఘం వాళ్లు యెరూషలేము యాత్రకు పేర్లు రాసుకుంటున్నారనీ, తానూ పేరు ఇచ్చిందనీ, పాస్‌పోర్టు కోసం ఇంటర్నెట్ సెంటర్‌కు పోతే అక్కడి పిల్ల "ఇంతకు ముందు పాస్‌పోర్టు ఉందా అవ్వా" అని అడిగిందనీ, ఉందని చెప్పి వచ్చాననీ ఒక్క గుక్కలో చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. లేదని చెప్పి ఉంటే సరిపోయేది కదా అన్నాను. "ఉన్నేదాన్ని లేదని యెట్ల జెప్తాం పాపా" అంది. నలభై ఏళ్లుగా ఆదివారపు బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పిన మనిషి, ఆమె నుంచి ఇంకో మాట ఆశించడం నాదే తప్పు.

లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. అడుగున, పాత దుప్పటి కింద మూడు పాస్‌పోర్టులు ఉన్నాయి. మూడింటి మీదా పేరు మా అక్కది, సలోమి. తండ్రి పేరు మా నాయనది. ఊరు కమలాపురం పక్కన మా పల్లె. ఫోటోలు మాత్రం మూడూ నావి. మొదటి దాంట్లో పందొమ్మిదేళ్ల ముఖం, చివరి దాంట్లో ముప్పై దాటిన ముఖం. ఎన్నోసార్లు వాటిని పొయ్యిలో పడేద్దామని చేతిలోకి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టేసిన దాన్ని. మా కడప జిల్లాలో కువైట్ అంటే ఇప్పటికీ పండగ కబురులా చెప్పుకుంటారు. రాయచోటి బజారులో నిలబడి ఎవరినైనా అడగండి, మా చిన్నమ్మ పోయింది, మా వదిన పోయింది అని గొప్పగా చెబుతారు. ఆ గొప్ప వింటే చాలు, నాకు కోపం నషాళానికి అంటుతుంది. ఏళ్లు గడిస్తే కోపం చల్లారుతుందని అందరూ అంటారు. అదంతా వట్టి మాట, నాది ఏళ్లతో పాటు పెరిగింది.

ఆ కోపం ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే మా నాయన నుంచి మొదలుపెట్టాలి. మా నాయన నాపరాళ్లు పరిచే మేస్త్రి. పొద్దున లేస్తే మోకాళ్ల మీద కూర్చుని ఇంకొకరి ఇంటికి నేల వేసేవాడు, మా ఇంట్లో మాత్రం సగం నాపరాయి, సగం మట్టి. మోకాళ్ల చర్మం ఎండిన తోలులాగా ఉండేది. మా గుడికి సంఘ పెద్ద కూడా ఆయనే. తెల్లారగానే కొబ్బరి నూనెతో తల దువ్వుకుని, బైబిలు నుంచి ఒక అధ్యాయం పైకి చదివేవాడు. అది పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరూ టీ ముట్టకూడదు. అమ్మ పొయ్యి మీద టీ మరిగి మరిగి చేదెక్కేది. ఆ చేదు టీ తాగుతూనే మేం పెరిగాం. ఆయన చెడ్డవాడు కాదని అక్క ఇప్పటికీ వాదిస్తుంది. చెడ్డవాడని నేనూ అనను. కాని ఇంట్లో ఆయన అన్న మాటకు ఇంకో మాట ఉండేది కాదు, ఆ రోజుల్లో ఎవరి ఇంట్లోనూ ఉండేది కాదు. అది తలుచుకుంటేనే నాకు పళ్లు పటపటలాడతాయి.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. పదో తరగతితో చదువు ఆపి, అమ్మతో కలిసి కూలి పనికి పోయేది. నన్ను మాత్రం చదవనిచ్చారు. ఇంటర్ పూర్తి చేసి టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టుకుని కూర్చున్నాను. కువైట్ పోవాలన్న కోరిక అక్కది. అది కోరిక అనడం కూడా తక్కువే, ఆమెను పట్టిన పిచ్చి. మా వెనక వీధిలో జైనబక్క ఉండేది. నాలుగేళ్లు కువైట్‌లో పని చేసి, ఆరు నెలల సెలవు మీద వచ్చింది. ఆమె చీరల్లో ఒక అత్తరు వాసన ఉండేది, అది మా పల్లెలో ఇంకే వాసనతోనూ కలిసేది కాదు. అక్క ఆ వాసన పట్టుకుని రోజూ మధ్యాహ్నం వాళ్లింటికి పోయేది. పోతూ నన్నూ లాక్కుపోయేది. జైనబక్క చెనక్కాయలు ఒలుస్తూ కూర్చునేది, అక్క పక్కన కూర్చుని ఒలుస్తూ అడిగేది. "సముద్రం యెంత దూరముంటాది జైనబక్కా?" "రోడ్డు దాటితే సముద్రమేలే" అనేది జైనబక్క. "రోజూ సూసేదానివా?" అంటే ఆమె ఒక చెనక్కాయ నోట్లో వేసుకుని, "సూస్తాంటినిలే" అనేది. ఆ మాటలోని నీరసం అప్పుడు మా ఇద్దరిలో ఎవరికీ వినపడలేదు.

జైనబక్కే అక్కకు అరబీ మాటలు నేర్పింది. మాయ్ అంటే నీళ్లు. జీబి అంటే తీసుకురా. రూహి అంటే పో. తఆలి అంటే రా. ఇంటికి వచ్చాక అక్క నా చేత అవి చెప్పించుకునేది. నేను మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, మాయ్ జీబి అంటే ఆమె చెంబుతో నీళ్లు తెచ్చేది, రూహి అంటే వాకిలి దాకా పోయేది, తఆలి అంటే నవ్వుతూ వెనక్కి వచ్చేది. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ మమ్మల్ని చూసి మురిసిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మేం నేర్చుకున్న వాటిలో ఒక్కటంటే ఒక్కటి మనం వాళ్లతో అనే మాట లేదు. నాకు ఒంట్లో బాగాలేదు, నాకు ఆకలిగా ఉంది, నన్ను ఇంటికి పంపించండి, ఇవి అరబీలో ఎట్లా అనాలో జైనబక్క నేర్పలేదు. మాకు అడగాలని కూడా తోచలేదు.

రాయచోటి ఏజెంటు ద్వారా పాస్‌పోర్టు వచ్చింది, కొన్ని నెలలకు సలోమి పేరుతో వీసా కూడా వచ్చింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. కువైట్ పోయే మనిషిని వీధిలో ఒక్కో ఇల్లూ పిలిచి అన్నం పెట్టాలి. పెట్టి, తమ వాళ్లకు చేర్చమని ఊరగాయ సీసానో, చెనక్కాయల పొడో, కడుపునొప్పి మాత్రలో చేతిలో పెడతారు. అక్కను పదకొండు ఇళ్ల వాళ్లు పిలిచారు. ఒక ఇంట్లో కోడికూర, ఇంకో ఇంట్లో ఓళిగలు, జైనబక్క ఇంట్లో పలావు. అక్క తిని వచ్చి, ఎవరింట్లో ఏం పెట్టారో, ఏం చెప్పి పంపారో నాకు పూస గుచ్చినట్టు చెప్పేది. గుడిలో ప్రత్యేక ప్రార్థన పెట్టారు. పాస్టరు గారు అక్క తల మీద చెయ్యి పెట్టి, సముద్రాలు దాటే ఈ బిడ్డకు తోడుగా ఉండమని అడిగారు. అక్క కళ్లు మూసుకుని ఏడ్చింది, అది సంతోషంతోనే. మా ఇంట్లో ఊరగాయ సీసాలు పద్నాలుగు పోగయ్యాయి.

పోవడానికి ముందు మద్రాసులో ఆరోగ్య పరీక్ష ఉంటుంది. నాయనా అక్కా కమలాపురంలో రైలెక్కి పోయారు. రెండో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చారు. అక్క నేరుగా దొడ్లోకి పోయి మొహం కడుక్కుని, పిండి తీసి జొన్నరొట్టెలు తట్టడానికి కూర్చుంది. ఏమైందని అమ్మ అడిగితే నాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చెప్పాడు. "రొమ్ములో మచ్చ ఉందంట. ఎక్స్‌రేలో పడింది. పనికిరాదన్నారు." చిన్నప్పుడు అక్కకు క్షయ వచ్చి తగ్గింది. పదేళ్ల కిందటి సంగతి, అందరం మరిచిపోయాం. మరిచిపోనిది ఆ ఎక్స్‌రే ఒక్కటే. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన చాలాసేపు నాపరాయి మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను మూల నిలబడి ఉన్నాను, నాకేమీ అర్థం కాలేదు.

"ఏజెంటు చెప్పినాడు. వీసాలో పేరు మారదంట. మనిసి మారితే యెవురు సూడొచ్చినారు" అన్నాడు నాయన. అమ్మ కొంగు తీసి, "అది సదువుకుంటాండాది గదప్పా" అంది. "సదువు మల్ల సదువుకోవచ్చు. మచ్చ లేని మనిసి అది." ఆ మాట అన్నది రోజూ తెల్లారి బైబిలు చదివే మనిషి. మొన్నటి దాకా ఊరంతా పిలిచి అన్నం పెట్టిన పెద్ద కూతురు అక్కడే, నాలుగడుగుల దూరంలో రొట్టెలు తడుతూ ఉంది. ఆమె చెయ్యి ఆగలేదు. రొట్టె గుండ్రంగా వచ్చేదాకా తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు నా వైపు తిరిగింది. "పో పాపా. మనిద్దుర్లో యెవురో ఒగురు సూడాల గదా" అంది. నేను పోనని ఏడ్చాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నాయన నన్ను ఏమీ అనలేదు, అక్కను తిట్టాడు. నువ్వే దానికి నచ్చజెప్పాలని ఆమె మీద విరుచుకుపడ్డాడు. అది నేను చూడలేకపోయాను. పోతానన్నాను. ఏజెంటు అక్క ఫోటో ఊడదీసి నాది అంటించాడు. ఊడదీసిన ఫోటో నాయన చొక్కా జేబులో పెట్టుకొచ్చి గూట్లో పడేశాడు. ఇంకో ఆసుపత్రిలో నేను సలోమి పేరుతో ఎక్స్‌రే తీయించుకున్నాను.

నన్ను ఏ ఇంటి వాళ్లూ పిలిచి అన్నం పెట్టలేదు. సలోమికి ఒకసారి పెట్టాం కదా అన్నారు కొందరు. రహస్యం బయట పడుతుందని ఇంకొందరు. మా పల్లెలో ఆ రహస్యం తెలియనిది కుక్కలకు మాత్రమే. గుడిలో మళ్లీ ప్రార్థన కూడా లేదు. పాస్టరు గారికి సంగతి తెలుసు, అయినా ఆయన నోరు మెదపలేదు, ఆ ఆదివారం నా కళ్లలోకి చూడకుండా ప్రసంగం ముగించారు. ఆ పద్నాలుగు ఊరగాయ సీసాలూ అక్కే నా పెట్టెలో సర్దింది. తన కోసం కుట్టించుకున్న రెండు గౌన్లు కూడా పెట్టింది, అవి నాకు వదులుగా ఉండేవి. స్టేషన్లో బండి కదిలేటప్పుడు ఆమె నా చెయ్యి వదలకుండా, "సముద్రం సూసినప్పుడు నాకు రాయి పాపా" అని మాత్రం అంది. నేను ఆమె మీద కోప్పడాలో, ఆమెను పట్టుకుని ఏడవాలో తెలియక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను.

ఇక నా కువైట్ చెబుతాను. నేను పని చేసిన ఇల్లు ఊరి లోపల, సముద్రానికి చాలా దూరం. మూడంతస్తుల ఇల్లు, పదమూడు మంది మనుషులు. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, గోడకు నీళ్ల పైపు. పన్నెండేళ్లలో నేను చూసిన బయటి లోకమంతా ఆ గోడా, మిద్దె మీద బట్టలారేసే తీగలూ, చెత్త సంచి పడేసే వీధి మలుపూ. తెల్లవారుజామున మొదలైన పని ఇల్లంతా పడుకునేదాకా ఉండేది. సరుకుల గదిలో, బియ్యం బస్తాల పక్కన నా పరుపు. వాళ్లు తిన్నాక మిగిలింది నాకు, మిగలకపోతే రొట్టె. ఇస్త్రీ ఆలస్యమైందని ఇంటి పెద్దావిడ ఒకసారి కాలే ఇస్త్రీ పెట్టెను నా ముంజేతికి తాకించింది. కావాలని కాదు, చేయి తగిలిందని తర్వాత చెప్పింది. రెండు సెకన్ల పాటు తగిలి ఉంటుందా చేయి? ఆ ఇంట్లో అందరూ నన్ను సలోమీ, సలోమీ అని పిలిచేవాళ్లు. మొదటి ఏడాది పిలిచినప్పుడల్లా పలకడం ఆలస్యమయ్యేది. ఆలస్యానికి చెంపదెబ్బ. అలా నా పేరు కాని పేరుకు దెబ్బలు తిని అలవాటు పడ్డాను. ఇంటికి పోతానంటే నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఉత్తరాల సంగతి ఇంకా దారుణం. ఉత్తరాలు ఎవరైనా విప్పి చదివించుకుంటారనీ, లోపల కూడా పేరు సలోమి అనే ఉండాలనీ ఏజెంటు గట్టిగా చెప్పాడు. అందుకని అక్క నాకు రాసే ప్రతి ఉత్తరం ఇలా మొదలయ్యేది: ప్రియమైన అక్క సలోమికి, నీ చెల్లెలు సుగుణ రాయునది. తన చేత్తో తన పేరు నాకు రాసి, కింద నా పేరు సంతకం పెట్టేది. ఎప్పుడైనా ఆలోచిస్తారా, ఒక మనిషికి అది రాయడానికి ఎంత గుండె కావాలో? ఉత్తరం చివర ఒక ప్రశ్న తప్పకుండా ఉండేది. సముద్రం ఎట్లా ఉంది? మొదటి ఉత్తరానికి నేను నిజమే రాయబోయాను. నాలుగు వాక్యాలు రాశాను కూడా. రాసి, చదువుకుని, చింపేశాను. ఎవరితో మొర పెట్టుకుంటాను? ఎవరి నోటి కూడు నాకు పెట్టారో ఆ మనిషితోనా? ఆమె నెలల తరబడి చెనక్కాయలు ఒలుస్తూ కలలు కన్న దేశం ఒక గోడా, ఒక నీళ్ల పైపూ అని ఎట్లా చెప్పాలి? నాకు నరకం చూపిస్తున్నారంటే, అక్క ఆ ఎక్స్‌రే మచ్చ ఉన్నందుకు సంతోషపడాలా? ఆమె సంతోషపడదు. నా బదులు తానే పోకపోయినందుకు ఏడుస్తుంది. అందుకని సముద్రం చాలా బాగుందని రాశాను.

ఒకసారి అబద్ధం మొదలుపెట్టాక దాన్ని నిలబెట్టాలి కదా. శుక్రవారాలు పిల్లలను తీసుకుని సముద్రం ఒడ్డుకు పోతామని రాశాను. ఇంటి పెద్దావిడ పండగకు నాకు కొత్త గౌను కుట్టించిందని రాశాను. మూడేళ్లకో నాలుగేళ్లకో సెలవు ఇచ్చేవాళ్లు, అది కాగానే నా జీతం మీదే ఇల్లు నడుస్తోందని నాయన మళ్లీ పంపేవాడు. ఇంటికి వస్తే మధ్యాహ్నాలు అక్క చెనక్కాయలు ముందు పోసుకుని కూర్చుని, "చెప్పు పాపా" అనేది. నేను చెప్పేదాన్ని. నీళ్లు పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు అనేదాన్ని. ఖర్జూరపు చెట్ల కింద చాపలు వేసుకుంటామనేదాన్ని. ఆ ఇంటి టీవీలో చూసినవీ, జైనబక్క చెప్పినవీ, నా బుర్రలోంచి పుట్టినవీ కలిపి వండి పెట్టేదాన్ని. ముంజేతి మీద మచ్చ ఏమిటంటే వంటింట్లో కాలిందన్నాను. అక్క ఆ మచ్చ మీద వేలు పెట్టి నిమిరి, ఇంకో కథ అడిగేది. నేను లోపల భగ్గుమని మండిపోతూ, పైకి నవ్వుతూ ఇంకో కథ చెప్పేదాన్ని. ఒక్కోసారి ఆమె మీద కూడా కోపం వచ్చేది. నీకెందుకే ఆ సముద్రం పిచ్చి, మన పెన్నలో నీళ్లొచ్చినప్పుడు చూస్తే చాలదా అని అరవాలనిపించేది.

పన్నెండేళ్ల తర్వాత, ఆ ఇంటి పెద్దావిడ చనిపోతే నన్ను పంపించేశారు. అప్పటికి టీచర్ ట్రైనింగ్ వయసు దాటిపోయింది. కుట్టుమిషను నేర్చుకుని, కమలాపురంలో ఒక మంచి మనిషిని పెళ్లి చేసుకుని, ఆయనను పోగొట్టుకుని, ఇదిగో ఇప్పుడు ఈ రాతల్లో పడ్డాను. అక్కకు పెళ్లి కాలేదు. రొమ్ము జబ్బు మనిషని పేరు పడింది. సంబంధం మాట్లాడబోయిన ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు ఆ మాట ముందే చేరవేసేవాళ్లు. నాయన పోయేముందు అక్క చెయ్యి పట్టుకుని క్షమించమని అడిగాడట. క్షమించానని ఆమె చెప్పిందట. నన్ను అడగలేదు. అడిగి ఉంటే నేను క్షమించేదాన్ని కాదు, ఇప్పుడూ క్షమించలేదు. ఆ రోజుల్లో అట్లాగే జరిగేది అంటారు. ఇప్పుడు మాత్రం ఏం మారింది? కడపలోనే విమానాలు దిగుతున్నాయి, ఓర్వకల్లు రాళ్ల మధ్య ఇంకో విమానాశ్రయం వచ్చింది, పోయే పిల్లలు ఫోనులో ఇంటివాళ్లకు ముఖం చూపిస్తున్నారు. చూపించేటప్పుడు గోడకు ఆనుకుని నవ్వుతారు. ఆ గోడ ఏ గోడో నాకు తెలుసు.

సరే, మళ్లీ పాస్‌పోర్టు దగ్గరికి వద్దాం. అక్క ఈసారి పోవాలి, అది నా పట్టుదల. ఒకసారి తన పేరు మీద నేను పోయాను. రెండోసారి కూడా నా ముఖమే అడ్డుపడితే నేను బతికి ఉండి ఏం లాభం? ఆఫీసులో నిజం చెప్పేస్తానన్నాను. ఫోటో నాది, తప్పు మా నాయనది, కేసు పెడితే నా మీద పెట్టండి అని ఒక కాగితం కూడా రాసి సంచిలో పెట్టుకున్నాను. కడపకు బస్సులో పోతుండగా అక్క ఆ కాగితం అడిగి తీసుకుంది. చదివి, మడిచి, తన రవికలో దోపుకుంది. "ఆడ నువ్వు నోరు తెరవొద్దు పాపా" అంది. 

ఆఫీసులో ఒక కుర్రాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మర్యాదగా మాట్లాడాడు. పాత పాస్‌పోర్టులు మూడూ తిప్పి చూశాడు. ఫోటో చూశాడు, అక్క ముఖం చూశాడు. "ఈ ఫోటో మీదేనా అమ్మా?" అని అడిగాడు. పది ఆజ్ఞలు నేర్పే మా అక్క, ఉన్నదాన్ని లేదని ఎట్లా చెబుతామన్న మా అక్క, ముందుకు వంగి ఆ ఫోటోను కాసేపు చూసింది. "నాదే నాయనా. అప్పుడు సన్నగా ఉంటి" అంది. అతను నవ్వాడు. "పన్నెండేళ్లున్నారే కువైట్‌లో. మా మేనత్త గూడా పోయొచ్చిందమ్మా. మిమ్మల్ని బాగా సూసుకున్నారా?" అని అడిగాడు. అది ఆఫీసు ప్రశ్న కాదు, ఊరికే అడిగిన మాట. అక్క కళ్లు వెలిగాయి. "శానా బాగా సూసుకున్నారు నాయనా. శుక్రవారమొస్తే పిల్లోళ్లను తీసుకోని సముద్రం కాడికి పోతాంటిమి. నీళ్లు పొద్దున ఒగ రంగు, సాయంత్రం ఒగ రంగు. ఖర్జూరం చెట్ల కింద సాపలేసుకోని కూసుంటాంటిమి. పండక్కి నాకు కొత్త గౌను కుట్టించినారు." అడక్కపోయినా చెబుతూనే ఉంది. ఒక్క మాట తప్పు పోలేదు. అతను ముద్ర వేస్తూ, "మీది అదృష్టమమ్మా, మా అత్త శానా కష్టాలు పడింది" అన్నాడు. "అందరి రాత ఒగటే మాదిరి ఉండదు గదా నాయనా" అంది అక్క. నేను పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. ముంజేతి మీదికి కొంగు లాక్కున్నాను.

బయటికి వచ్చాక టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఇన్నేళ్లు బిగబట్టిన దాన్ని ఇక ఆపుకోవడం నాతో కాలేదు. "నేను ఆ సముద్రం ఒక్కరోజు గూడా సూడలేదక్కా" అన్నాను. అన్నీ అబద్ధాలే అన్నాను. గోడ, పైపు, బియ్యం బస్తాలు, చెంపదెబ్బలు, ఇస్త్రీ పెట్టె, అన్నీ వరసగా చెప్పాను. గొంతు పెద్దదై ఉంటుంది, టీ కొట్టు మనిషి గరిటె ఆపి చూశాడు. నీ కోసమే అబద్ధం చెప్పానని కూడా అరిచాను, ఆమె ఏదో నేరం చేసినట్టు. అక్క గ్లాసు రెండు చేతులతో పట్టుకుని విన్నది. టీ మీద మీగడ కట్టింది. "అట్లయితే మనిద్దుర్లో యెవురూ పోలేదన్నమాట" అంది. ఆమె చల్లారిన టీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, నా చేతి మచ్చ మీద తన అరచెయ్యి మూసి పెట్టింది. బస్సులో ఇల్లు చేరేదాకా తీయలేదు.

అక్క పాస్‌పోర్టు మూడు వారాలకు పోస్టులో వచ్చింది. దాంట్లో ఆమె పేరు, ఆమె ముఖం, డెబ్బై మూడేళ్లకు మొదటిసారి రెండూ ఒకచోట. అది చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చి, "నువ్వు గూడా పెట్టు పాపా. నీ పేరు మీద. ఇద్దురం పోదాం" అంది. నాకెందుకులే అన్నాను. వినలేదు. పోయిన నెల మళ్లీ అదే ఆఫీసుకు పోయాం. ఈసారి ఇంకో కౌంటరు, ఒక చిన్న పిల్ల కూర్చుని ఉంది. కాగితాలు చూసి, సుగుణమ్మ మీరేనా అని అడిగింది. నేనే అన్నాను. ఇంతకు ముందు పాస్‌పోర్టు ఉందా, ఏ దేశమైనా పోయొచ్చారా అని అడిగింది. పన్నెండేళ్లు పదమూడు మందికి ఉతికి, తుడిచి, వండి, ఎత్తి, దెబ్బలు తిన్నదాన్ని. అది చేసింది నేనని చెప్పే కాగితం ఈ లోకంలో ఎక్కడా ఒక్కటి లేదు. ఆ పిల్ల వేళ్లు కంప్యూటరు మీద పెట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. "లేదమ్మా, నేను యాడికీ పోలేదు" అన్నాను.